ఖరీదైన హెడ్‌ఫోన్‌లో వినిపించే ‘డీటెయిల్’ ఎక్కడిది?

కొత్త హై-ఎండ్ హెడ్‌ఫోన్ ఏది విడుదలైనా మొదటి వారంలోనే ఒక మాట ప్రచారంలోకి వస్తుంది: “ఏళ్ళ తరబడి వింటున్న పాటలో ఇప్పటిదాకా వినని శబ్దాలు వినిపించాయి.” ఈ మాట అన్నవాళ్ళు అబద్ధమాడటం లేదు. గాయని రెండు పదాల మధ్య తీసుకున్న ఊపిరి, వీణ మెట్ల మీద వేలు జారిన రాపిడి, స్టూడియోలో ఎవరో కాగితం తిప్పిన చప్పుడు వాళ్ళకు నిజంగానే వినిపించాయి. ఎందుకు వినిపించాయో మాత్రం ఎవరూ ఆరా తీయరు.

కారణాలు ముఖ్యంగా మూడు. మొదటిది, కొత్త హెడ్‌ఫోన్ పాతదానికంటే ఒకటి రెండు డెసిబెల్స్ గట్టిగా మోగి ఉండొచ్చు. రెండోది, దాని ట్యూనింగ్‌లో 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్య భాగం ఎత్తుగా ఉండొచ్చు. ఊపిరి, రాపిడి, కాగితం చప్పుడు అన్నీ ఉండేది అక్కడే. మూడోది, డ్రైవర్ (కప్పు లోపల కంపించి ధ్వని పుట్టించే భాగం) నిజంగానే మెరుగైనది కావచ్చు. వీటిలో మొదటి రెండూ పైసా ఖర్చు లేకుండా ఏ మామూలు హెడ్‌ఫోన్‌కైనా తెచ్చిపెట్టవచ్చు. వాల్యూమ్ తిప్పితే ఒకటి, ఈక్వలైజర్ తెరిస్తే మరొకటి వచ్చేస్తాయి. ఖరీదు పెట్టవలసింది ఏదైనా ఉంటే అది మూడోదానికే. కాబట్టి మొదటి రెండింటినీ పక్కకు తీసి వినేదాకా ఏ హెడ్‌ఫోన్‌నూ ‘డీటెయిల్ ఎక్కువ’ అని మెచ్చుకోకూడదని నా వాదన. ఆ పక్కకు తీయడం ఎలాగో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు వాల్యూమ్ సరిచూడాలి

రెండు హెడ్‌ఫోన్‌లలో ఒకటి 1 డెసిబెల్ గట్టిగా మోగుతుంటే వినేవాళ్ళకు అది గట్టిగా ఉన్నట్టు తోచదు. స్పష్టంగా, నిండుగా, దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రకటించిన సమ శబ్దతీవ్రత రేఖలు దీనికి కారణం చూపిస్తాయి. వాల్యూమ్ తగ్గేకొద్దీ మన చెవి మధ్య స్వరాలకంటే బేస్‌ను చాలా వేగంగా కోల్పోతుంది, పెంచేకొద్దీ బేస్ తిరిగి నిండుకుంటుంది. ఇప్పటి ఐఎస్ఓ 226 ప్రమాణంలోని రేఖలు చెప్పేదీ ఇదే. అంటే వాల్యూమ్ తేడా ఉన్నచోట టోన్ తేడా కూడా తనంతట తనే వచ్చి చేరుతుంది.

నాబ్‌ను ఒకే గీత దగ్గర ఉంచి రెండు హెడ్‌ఫోన్‌లు మార్చి వినడం దాదాపు అందరూ చేసే పొరపాటు. సెన్సిటివిటీలు (ఇచ్చిన విద్యుత్తుకు ఎంత గట్టిగా మోగుతుందన్న అంకెలు) వేరైతే ఆ గీతకు అర్థం లేదు. స్పెసిఫికేషన్ల కాగితంలో కూడా పప్పులో కాలేసే చోటు ఒకటుంది. కొందరు తయారీదారులు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు ఇన్ని డెసిబెల్స్ అని ఇస్తారు, కొందరు వోల్టుకు ఇన్ని అని ఇస్తారు. 300 ఓమ్‌ల ఇంపిడెన్స్ (కరెంటుకు అడ్డుపడే నిరోధం) ఉన్న హెడ్‌ఫోన్ విషయంలో ఈ రెండు అంకెల మధ్య తేడా సుమారు 5 డెసిబెల్స్, 16 ఓమ్‌లదైతే 18. ఒక దాని మిల్లీవాట్ అంకెను మరో దాని వోల్టు అంకెతో పోలిస్తే పోలిక మొదట్లోనే తప్పుతుంది.

సరిచూసే పద్ధతి కష్టమైంది కాదు. గట్టి అట్టముక్కకో, పలుచని చెక్కకో మైక్రోఫోన్ పట్టేంత రంధ్రం చేసి, సౌండ్ లెవెల్ మీటర్ మైకును అట్ట ఉపరితలంతో సమంగా బిగించాలి. దాని మీద హెడ్‌ఫోన్ కప్పును ప్యాడ్ చుట్టూ సందు లేకుండా ఆనించాలి. 500 హెర్ట్జ్ నుంచి 2 కిలోహెర్ట్జ్ వరకు మాత్రమే ఉంచిన పింక్ నాయిస్‌ను (జలపాతం హోరులాంటి పరీక్ష శబ్దం) ప్లే చేసి, రెండు హెడ్‌ఫోన్‌లూ అర డెసిబెల్ తేడాలో ఒకే అంకె చూపేలా వాల్యూమ్ సర్ది, ఆ స్థానాలను రాసిపెట్టుకోవాలి. పూర్తి పింక్ నాయిస్ వాడకూడదు. బేస్ ఎక్కువున్న హెడ్‌ఫోన్ మీటర్‌ను బేస్‌తోనే నింపేస్తుంది, దాంతో దాని మధ్య స్వరాలను అవసరానికి మించి తగ్గించేస్తారు. ఫోన్ మైకుతో కొలిస్తే ఆటోమేటిక్ గెయిన్ (శబ్ద స్థాయిని తనంతట తనే సర్దే ఏర్పాటు) ఆపి ఉండాలి, లేకపోతే అది తేడాలను మింగేస్తుంది. మీటర్ లేకపోతే అదే నాయిస్‌ను చెవితోనే సమం చేయండి. ఒకసారి తక్కువ నుంచి పైకి, మరోసారి ఎక్కువ నుంచి కిందికి తెస్తూ నాలుగుసార్లు చేసి మధ్య స్థానం తీసుకుంటే పని జరుగుతుంది.

టోన్ వేరుగా ఉన్న రెండు హెడ్‌ఫోన్‌లను వాల్యూమ్‌లో పూర్తిగా సమం చేయడం అసాధ్యం. ఏ పట్టీలో సమం చేశామన్నదాన్ని బట్టి ఫలితం కాస్త మారుతుంది. అందుకే ఇంకో పరీక్ష కూడా కావాలి. సమం చేశాక పాత హెడ్‌ఫోన్‌ను కావాలనే 1 డెసిబెల్ పెంచి వినండి. ఇప్పుడు పాతదే బాగున్నట్టనిపిస్తే, ఇందాక కొత్తదానికి వేసిన మార్కులు వాల్యూమ్‌కు వేసినవే.

వినే స్థాయి 75 నుంచి 80 డెసిబెల్స్ మధ్య ఉంటే మంచిది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పని స్థలాలకు సూచించిన పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది, 94 దగ్గర 1 గంట, 100 దగ్గర 15 నిమిషాలు. చెవి భద్రత ఒక్కటే దీనికి కారణం కాదు. గట్టిగా విన్నాక చెవి తాత్కాలికంగా మొద్దుబారుతుంది. 95 దగ్గర అరగంట విన్నవాళ్ళకు పదునైన ట్రెబుల్ కూడా మెత్తగానే వినిపిస్తుంది. డెమో గదుల్లో ‘అసలు చురుకే లేదు, ఎంత మృదువుగా ఉందో’ అనిపించిన హెడ్‌ఫోన్ ఇంట్లో గుచ్చుకోవడానికి ఇది తరచుగా కనిపించే కారణం.

తల మీద కూర్చున్న తీరు

హెడ్‌ఫోన్ ధ్వనిని పుట్టించేది డ్రైవర్ ఒక్కటే అనుకోకండి. డ్రైవర్, ప్యాడ్, మీ చెవి, ఈ మూడింటి మధ్య బందీ అయిన గాలి కలిసి ఆ ధ్వనిని తయారుచేస్తాయి. కళ్ళజోడు కాడ ప్యాడ్ కింద సన్నని సందు చేసినా, జుట్టు మందంగా అడ్డుపడినా ఆ గాలి బయటికి పోతుంది. కప్పు వెనుక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్‌లలోనూ, ముందు భాగం బిగువుగా ఉండే ప్లేనార్లలోనూ (చదునైన పలుచని పొర మొత్తం కంపించే రకం) ఈ లీకు వల్ల 100 హెర్ట్జ్ కింద చాలా డెసిబెల్స్ పోతాయి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 తరహా, కప్పు వెనుక తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ డైనమిక్ (తీగచుట్టతో కదిలే మామూలు డ్రైవర్) హెడ్‌ఫోన్‌లు లీకును కాస్త ఓర్చుకుంటాయి, అయితే వాటికి లోతైన బేస్ ముందునుంచే తక్కువ. ఒకే మోడల్‌ను ఒకరు ‘బేస్ గుండె అదరగొడుతుంది’ అని, ఇంకొకరు ‘బేస్ అసలు లేదు’ అని రాస్తే ఇద్దరూ నిజాయితీగానే రాసి ఉండొచ్చు. వాళ్ళలో ఒకరికి కళ్ళజోడు ఉండి ఉంటుంది.

పరీక్ష తేలిక. 40 హెర్ట్జ్ సైన్ టోన్ (ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న శుద్ధ స్వరం) తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా లోపలికి నొక్కండి. బేస్ ఒక్కసారిగా ఉబికితే మీ తలకు సీల్ కుదరలేదు. ఆ స్థితిలో బేస్ గురించి మీరిచ్చే తీర్పు హెడ్‌ఫోన్‌కు చెందదు.

ట్రెబుల్ ఇంకా సున్నితం. కప్పును 5 మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిపితే 6 కిలోహెర్ట్జ్ పైన కొన్ని డెసిబెల్స్ అటూ ఇటూ అవుతాయి. చెవి డొప్ప ఆకారంతో ఆ తరంగాలు ఢీకొనే తీరు మారిపోవడమే కారణం. అందుకని ఒకసారి తగిలించుకుని రాసుకున్న అభిప్రాయం చాలదు. కనీసం ఐదుసార్లు తీసి మళ్ళీ పెట్టుకుని, ప్రతిసారీ అదే 30 సెకన్ల పాట ముక్క వినాలి. ఐదుసార్లూ నిలిచిన లక్షణాన్నే హెడ్‌ఫోన్ ఖాతాలో వేయాలి.

‘బర్న్-ఇన్’ గురించి అడిగేవాళ్ళకు కూడా సమాధానం చాలావరకు ఇక్కడే ఉంది. వంద గంటలు మోగిస్తే డ్రైవర్ మారిపోతుందని అంటారు, కానీ కొలతల్లో కనిపించే డ్రైవర్ మార్పు కప్పును కొద్దిగా జరిపితే వచ్చే మార్పుకంటే చిన్నది. ప్యాడ్ మాత్రం నిజంగా మారుతుంది. కొత్త ఫోమ్ గట్టిగా ఉంటుంది, వారాలు గడిచేకొద్దీ అణిగి చెవిని డ్రైవర్‌కు దగ్గర చేస్తుంది, సీల్ మెరుగవుతుంది. మెదడు కూడా కొత్త టోన్‌కు అలవాటుపడుతుంది. ప్యాడ్‌లు విడి భాగాలుగా దొరకడం, ఏడాది రెండేళ్ళకు మార్చుకోవడం ధ్వని నాణ్యతకు సంబంధించిన విషయమే. అసలు ప్యాడ్‌ల బదులు వేరే తోలు ప్యాడ్‌లు తగిలిస్తే పేరు అదే అయినా మీ చేతిలో ఉన్నది వేరే హెడ్‌ఫోన్.

యాంప్లిఫైయర్ సంగతి, త్వరగా

హెడ్‌ఫోన్‌ను తప్పు పట్టేముందు దానికి చాలినంత వోల్టేజీ అందుతోందో లేదో లెక్క కట్టాలి. హెచ్‌డీ 600 కు 1 వోల్టు దగ్గర 97 డెసిబెల్స్, 300 ఓమ్‌లు. సంగీతంలో క్షణకాలపు శిఖరాలు 110 డెసిబెల్స్ చేరాలంటే ఇంకో 13 డెసిబెల్స్ కావాలి, అంటే సుమారు 4.5 వోల్టులు. పవర్ మాత్రం 66 మిల్లీవాట్లే. హైఫైమాన్ సుస్వరా 60 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 83 డెసిబెల్స్. అదే 110 కి దానికి అర వాట్ కావాలి, అంటే 5.5 వోల్టులు, 90 మిల్లీఆంపియర్లు. మొదటిదానికి వోల్టేజీ ఇస్తే చాలు, రెండోదానికి వోల్టేజీతో పాటు కరెంటూ ఇవ్వాలి. చాలినంత దొరక్కపోతే శిఖరాలు కత్తిరించుకుపోయి గరుకుగా వినిపిస్తాయి. దాన్ని హెడ్‌ఫోన్ గరుకుదనంగా రాసేస్తారు.

అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఇంకో ఉచ్చు. డైనమిక్ డ్రైవర్ ఇంపిడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు, రెజొనెన్స్ (డ్రైవర్ తనంతట తనే ఎక్కువగా కంపించే ఫ్రీక్వెన్సీ) దగ్గర బాగా పెరుగుతుంది. 300 ఓమ్‌లది 100 హెర్ట్జ్ దగ్గర 600 కు చేరిందనుకుందాం. యాంప్ అవుట్‌పుట్ 120 ఓమ్‌లైతే ఆ చోట బేస్ 1.3 డెసిబెల్స్ పెరుగుతుంది. 1 ఓమ్ ఉన్న యాంప్‌తో ఈ మార్పు ఉండదు. యాంప్ ‘వెచ్చగా’ ఉందనడానికి చాలాసార్లు ఇదే అసలు కారణం. హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకుండా యాంప్ ఇంపిడెన్స్ ఉంటే నిశ్చింత. ప్లేనార్ల ఇంపిడెన్స్ దాదాపు సమంగా ఉంటుంది కాబట్టి వాటికి ఈ గొడవ లేదు.

ఈ లెక్కలు కుదిరాక, చాలినంత పవరుతో తక్కువ డిస్టార్షన్‌తో పనిచేసే రెండు యాంప్‌ల మధ్య తేడా కోసం హెడ్‌ఫోన్‌ను మళ్ళీ మళ్ళీ తిట్టుకోవాల్సిన పని లేదు. అనుమానం ఉంటే మల్టీమీటర్‌తో రెండు యాంప్‌ల అవుట్‌పుట్‌నూ 100 హెర్ట్జ్ సైన్ టోన్ మీద 1 శాతం లోపు సమం చేసి, ఏది ఏదో తెలియకుండా 16 సార్లు ఊహించండి. గుడ్డిగా చెప్పినా 12 లేదా అంతకంటే ఎక్కువ కుదిరే అవకాశం 4 శాతం లోపే. 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ కుదిరితే తేడా ఉందని నమ్మవచ్చు. కేబుళ్ళకూ ఇదే పరీక్ష చాలు. అంతకుమించి వాటి మీద రాయడానికి ఏమీ లేదు.

గ్రాఫ్‌ను ఎంతవరకు నమ్మాలి

హెడ్‌ఫోన్ గ్రాఫ్ తిన్ననైన గీతలా ఉండాలని ఆశించకూడదు. చెవి గొట్టం పొడవు సుమారు 25 మిల్లీమీటర్లు, ఒక కొస మూసి ఉన్న గొట్టం కాబట్టి అది 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల అనునాదం చేస్తుంది. గదిలో స్పీకర్ విన్నప్పుడు కూడా మన కర్ణభేరి దగ్గర అక్కడ పది డెసిబెల్స్ పైచిలుకు ఎత్తు ఉంటుంది. మెదడు పుట్టినప్పటినుంచీ దానికి అలవాటుపడింది. హెడ్‌ఫోన్ అక్కడ ఆ ఎత్తు ఇవ్వకపోతే గొంతులు దుప్పటి కప్పినట్టు వినిపిస్తాయి.

ఎంత ఎత్తు, ఎంత బేస్ అన్నదానికి హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టి బృందం 2013 నుంచి చేసిన ప్రయోగాలు ఇప్పటికీ గట్టి ఆధారం. మంచి గదిలో మంచి స్పీకర్ వినిపించే ధ్వనికి దగ్గరగా, 100 హెర్ట్జ్ కింద కొన్ని డెసిబెల్స్ ఎత్తుతో ఉన్న ట్యూనింగ్‌ను ఎక్కువమంది ఇష్టపడ్డారు. అయితే అందరూ కాదు. కొంతమందికి అంతకంటే ఎక్కువ బేస్ కావాలి, కొంతమందికి తక్కువ. కాబట్టి ‘హార్మన్ టార్గెట్’ అనే ఆ ట్యూనింగ్‌ను తూకపురాయిలా వాడండి, తీర్పులా వాడకండి. మీ అభిరుచి దానికంటే 3 డెసిబెల్స్ కిందనో పైననో ఉందని ఒకసారి తెలిస్తే, ఆపైన ఏ గ్రాఫ్ చూసినా మీకు ఎలా వినిపిస్తుందో ముందే అంచనా కట్టవచ్చు.

ఖరీదుకూ ఈ గీతకూ సంబంధం లేదని కూడా కొలిచి చూశారు. జెరోన్ బ్రీబార్ట్ 2017లో 283 హెడ్‌ఫోన్‌ల కొలతలను వాటి ధరలతో పోల్చి, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ ధరకూ పొంతన లేదని ప్రచురించారు. ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు, డబ్బా తెరిచేటప్పటి భక్తిభావం సగం తగ్గుతుంది.

గ్రాఫ్ చదివేటప్పుడు నిలువు గీత మీద అంకెలు ముందు చూడండి. 100 డెసిబెల్స్ ఎత్తున్న చట్రంలో గీస్తే ఏ హెడ్‌ఫోన్ అయినా నున్నగానే కనిపిస్తుంది. రెండు వేర్వేరు కొలత పరికరాల మీద తీసిన గ్రాఫ్‌లను ఒకదాని మీద ఒకటి పెట్టి పోల్చకూడదు. కృత్రిమ చెవులు చాలావాటిలో ఉన్న ఐఈసీ 60318-4 కప్లర్ (చెవి గొట్టాన్ని అనుకరించే ప్రామాణిక గది) 10 కిలోహెర్ట్జ్ దాటాక నిజమైన చెవిని అనుకరించదు. 8 కిలోహెర్ట్జ్ పైన కనిపించే సన్నని శిఖరాలూ లోయలూ ఆ కృత్రిమ చెవివి కావచ్చు, మీ చెవిలో అవి వేరే చోట ఉంటాయి. అక్కడినుంచి గ్రాఫ్‌ను పక్కనపెట్టి మీ చెవినే అడగాలి.

‘డీటెయిల్’కు అసలు పరీక్ష

వాల్యూమ్ సమం చేశాం, సీల్ చూశాం, యాంప్ సరిపోయింది. ఇప్పుడు ట్రెబుల్‌ను పక్కకు తీయాలి. పారామెట్రిక్ ఈక్వలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత పెంచాలో తగ్గించాలో మనమే నిర్ణయించే సాధనం) ఏదైనా పనికొస్తుంది. విండోస్‌లో అయితే ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం.

కొత్త హెడ్‌ఫోన్‌కు 5 కిలోహెర్ట్జ్ దగ్గర మైనస్ 3 డెసిబెల్స్ హై షెల్ఫ్ (ఆ చోటికి పైనున్నదంతా తగ్గించే ఫిల్టర్) పెట్టండి, క్యూ (ఫిల్టర్ ఎంత పదునుగా పనిచేయాలన్న అంకె) 0.7. కొత్తగా వినిపించాయని అనుకున్న ముక్కనే మళ్ళీ వినండి. ఆ ఊపిరి, ఆ రాపిడి మాయమైతే అవి ట్రెబుల్ ఎత్తు వల్ల వచ్చినవే. తర్వాత తిరగేయండి. పాత హెడ్‌ఫోన్‌కు అదే చోట ప్లస్ 3 పెట్టి, క్లిప్పింగ్ రాకుండా ప్రీయాంప్‌ను మైనస్ 3 కి దించి, వాల్యూమ్ నాబ్‌తో ఆ మేరకు సరిచేసి వినండి. పాతదానిలో కూడా అవే శబ్దాలు పలికితే వాదన తేలిపోయింది. ఈ రెండు పరీక్షల తర్వాత కూడా కొత్తది మాత్రమే వాటిని వినిపిస్తుంటే, అదీ చెవి నొప్పించకుండా వినిపిస్తుంటే, ఆ హెడ్‌ఫోన్‌కు నిజమైన గుణం ఉంది. ఇలా నిలబడే హెడ్‌ఫోన్‌లు ఉన్నాయి కానీ తక్కువ.

డీటెయిల్ పుట్టే చోటు ఇంకొకటి ఉంది, దాన్ని తక్కువమంది అనుమానిస్తారు. 150 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ధ్వని మందంగా ఉంటే అది పైనున్న మధ్య స్వరాలను కప్పేస్తుంది. బేస్ గిటార్, గొంతులోని ఛాతీ భాగం అక్కడే ఉంటాయి. ఆ పట్టీని 2 డెసిబెల్స్ దించితే తెర తొలగినట్టు పైనున్నదంతా తేటపడుతుంది. ‘వేగంగా ఉంది’ అని మెచ్చుకునే హెడ్‌ఫోన్‌లు చాలావరకు ఇక్కడ పలుచగా, 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య కాస్త ఎత్తుగా ఉన్నవే. హెడ్‌ఫోన్‌లు దాదాపుగా మినిమమ్ ఫేజ్ వ్యవస్థలు. అంటే వాటి ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ తెలిస్తే కాలంలో అవి స్పందించే తీరు కూడా తెలిసినట్టే. టోన్‌తో నిమిత్తం లేని ‘స్పీడ్’ అనే ప్రత్యేక గుణం వాటిలో దాగి ఉండదు. డ్రైవర్ పొర ఎంత పలుచన, అయస్కాంతం ఎంత బలం అన్న ప్రకటనలు చదివి స్పీడ్ ఊహించుకోవడం నేల విడిచి సాము చేయడమే.

సన్నని శిఖరాలను పట్టడానికి సైన్ స్వీప్ (కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైకి మెల్లగా జారే స్వరం) కావాలి. చాలా తక్కువ వాల్యూమ్‌లో 4 నుంచి 10 కిలోహెర్ట్జ్ వరకు మెల్లగా పోనివ్వండి. ఒక చోట ధ్వని ఒక్కసారిగా సూదిలా గుచ్చుకుంటుంది. ఆ అంకె రాసుకుని, కప్పు కొంచెం జరిపి మళ్ళీ స్వీప్ చేయండి. గుచ్చుకునే చోటు కదిలితే అది మీ చెవి, ప్యాడ్ కలిసి చేసిన పని. కదలకుండా అక్కడే ఉంటే హెడ్‌ఫోన్‌దే. అప్పుడు అదే చోట క్యూ 4 తో మైనస్ 4 డెసిబెల్స్ పెట్టి మీకు బాగా తెలిసిన పాట వినాలి. సెన్‌హైజర్ 2009లో తెచ్చిన హెచ్‌డీ 800 లో 6 కిలోహెర్ట్జ్ దగ్గర ఇలాంటి శిఖరమే ఉండేది. వాడేవాళ్ళు లోపల ఫెల్ట్ ముక్కలు అంటించి దాన్ని అణచుకునేవారు. తర్వాత వచ్చిన హెచ్‌డీ 800 ఎస్ లో కంపెనీయే ఆ అనునాదాన్ని పీల్చుకునే ఏర్పాటు పెట్టింది. మొదటి మోడల్ డీటెయిల్‌కు దక్కిన కీర్తిలో ఆ శిఖరం వాటా ఎంతో ఈ రెండింటినీ పక్కపక్కన విన్నవాళ్ళకు బాగా తెలుసు.

ఏం వినాలి

షోరూముల కోసమే రికార్డు చేసినట్టుండే నిగనిగలాడే ట్రాకులు పక్కన పెట్టండి, వాటిలో ఏ హెడ్‌ఫోన్ అయినా బాగానే ఉంటుంది. మీకు కంఠతా వచ్చిన, రికార్డింగ్ అంత గొప్పగా లేని పాటలు కూడా జాబితాలో ఉండాలి.

ట్రెబుల్ తీరు తెలుసుకోవడానికి మన భాషలోనే మంచి సాధనం ఉంది. ఉచ్చారణ స్పష్టంగా ఉన్న గాయకులు ‘స’, ‘శ’, ‘ష’ మూడింటినీ వేరువేరుగా పలుకుతారు. ‘ష’ రాపిడి కింద, సుమారు 3 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో చిక్కగా ఉంటుంది. ‘స’ రాపిడి 5 కిలోహెర్ట్జ్ దాటి పైకి పోతుంది. మంచి హెడ్‌ఫోన్‌లో ఈ మూడూ ఒకే నోటినుంచి వచ్చిన మూడు అక్షరాల్లా ఉంటాయి. ‘స’ మాత్రం నోటినుంచి విడిపడి పక్కన ఈల వేసినట్టుంటే 6 నుంచి 9 మధ్య శిఖరం ఉంది. ‘స’ కూడా ‘ష’లా మందగిస్తే ఆ పట్టీ కుంగి ఉంది. అక్షరాలు విడదీయడం పసితనం నుంచీ అలవాటైన చెవి కాబట్టి ఈ పరీక్షకు శిక్షణ అవసరం లేదు.

మధ్య స్వరాలకు, బేస్‌కు మృదంగం చాలు. కుడి మూత మీది నల్లటి పూత వల్ల దాని హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు పుట్టే పై స్వరాలు) తీగ వాద్యంలోలాగా వరుసగా అమరుతాయని సి.వి. రామన్ 1920లోనే చూపారు. అందుకే ఆ మూత మీది దెబ్బకు స్పష్టమైన శృతి ఉంటుంది. హెడ్‌ఫోన్‌లో ఆ శృతి నిలవక ఉత్త టక్‌మన్న చప్పుడే మిగిలితే మధ్య స్వరాలు కుంగి, పైభాగం ఎగసి ఉంది. ఎడమ మూత మీద అరచేయి నొక్కి జార్చినప్పుడు వచ్చే లోతైన ఊపును కూడా గమనించండి. శృతి కిందినుంచి పైకి జారుతుంటే దాని బలం ఒకేలా సాగాలి. మధ్యలో ఒక చోట ఉబ్బి తర్వాత పలచబడితే బేస్‌లో గుట్ట ఉంది.

తంబూరాను రెండు నిమిషాలు ఒంటరిగా వినడం నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే పరీక్ష. తీగ కింద పెట్టే జీవ దారం వల్ల దానిలో ఎత్తైన హార్మోనిక్స్ ఎన్నో పుట్టి, ఒకదాని తర్వాత ఒకటి వికసించి తగ్గుతాయి. హెడ్‌ఫోన్‌లో శిఖరం ఉంటే ఎప్పుడూ ఒకే హార్మోనిక్ ముందుకు పొడుచుకొస్తుంది. ఆ రెండు నిమిషాల్లో మీ దృష్టి పదేపదే ఒకే శృతి మీదకు పోతుంటే అక్కడ తప్పుంది. పాత మోనో టేపు రికార్డింగుల్లోని హిస్ కూడా ఇలాగే ఉపయోగపడుతుంది. అది రంగు లేని ఇసుక జారినట్టుండాలి. దానికి ఒక శృతి ఉన్నట్టు తోస్తే ట్రెబుల్ సమంగా లేదు.

అదే మోనో రికార్డింగ్‌తో రెండు వైపులు సరిపోతున్నాయో లేదో చూడండి. గొంతు తల నడిమధ్యన నిలబడాలి. పక్కకు ఒరిగితే హెడ్‌ఫోన్‌ను ఎడమ కుడి తారుమారు చేసి పెట్టుకోండి. ఒరుగు కూడా తారుమారైతే తేడా డ్రైవర్లలోనో, ముందున్న యాంప్‌లోనో ఉంది. ఒరుగు అదే వైపు ఉండిపోతే తేడా మీ చెవుల్లో ఉంది. యాంప్ వాల్యూమ్ నాబ్ బాగా కింద ఉన్నప్పుడు రెండు ఛానెళ్ళు సమంగా లేకపోవడం తరచుగా జరిగేదే, కాస్త పైకి తిప్పితే పోతుంది. ఇంత ఖరీదులో డ్రైవర్ల మధ్య 1 డెసిబెల్ దాటిన తేడాను ఒప్పుకోకూడదని నా పట్టు. ఆపైన 20 నుంచి 100 హెర్ట్జ్ స్వీప్ ఒకసారి. ఎక్కడైనా బరబరమంటే డయాఫ్రమ్ మీద వెంట్రుక పడి ఉండొచ్చు, లేదా కప్పులో ఏదో వదులైంది. అలాంటిదాన్ని తిరిగి పంపించాలి, అలవాటవుతుందని ఊరుకోకూడదు.

సౌండ్‌స్టేజ్ (ధ్వని చుట్టూ పరుచుకున్నట్టు తోచే విస్తృతి) మీద మాత్రం ఎవరి మాటా మరొకరికి పనికిరాదు. స్పీకర్ విన్నప్పుడు ఎడమ స్పీకర్ ధ్వని కుడి చెవికి కూడా చేరుతుంది, హెడ్‌ఫోన్‌లో చేరదు. అందుకే ధ్వని తలలోపలో, చెవుల పక్కనో ఉంటుంది. డ్రైవర్‌ను చెవికి దూరంగా, ముందువైపు నుంచి వంపుగా పెడితే చెవి డొప్ప కొంత పనిచేసి విస్తృతి పెరిగినట్టనిపిస్తుంది. 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య కాస్త తగ్గిస్తే గొంతు వెనక్కి జరిగి దూరం పెరిగినట్టు తోస్తుంది. ఈ రెండోది ట్యూనింగ్ మాత్రమే. ఈక్వలైజర్‌తో 2 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ పెంచి చూడండి. స్టేజ్ కుంచించుకుపోతే మీరు మెచ్చింది ఆ లోయనే.

హెడ్‌ఫోన్‌లలో ఇవేవీ పూర్తి గుడ్డి పరీక్షగా చేయలేం. బరువు, ప్యాడ్ స్పర్శ, తల మీది బిగువు ఏది ఏదో చెప్పేస్తాయి. హార్మన్ బృందం ఒకే హెడ్‌ఫోన్‌లో మిగతావాటి టోన్‌ను అనుకరించి వినిపించింది ఈ ఇబ్బంది దాటడానికే. ఇంట్లో మనకు మిగిలింది క్రమం. ఫ్రీక్వెన్సీ తేడాలకు క్షణాల్లో మార్చి వినాలి, ధ్వని జ్ఞాపకం కొద్ది సెకన్లలోనే మసకబారుతుంది. అలసటకు మాత్రం గంటలు కావాలి. 500 గ్రాములు దాటిన హెడ్‌ఫోన్ పది నిమిషాల్లో ఎంత బాగున్నా రెండో గంటలో నడినెత్తి మీద నొప్పి పెడితే ఆ ధ్వనిని ఇక వినరు.

కొన్నాక మొదటి ఏడు రోజులూ పాతదాన్ని ముట్టుకోకుండా కొత్తదే వినండి, ఈక్వలైజర్ లేకుండా. ఎనిమిదో రోజు వాల్యూమ్ మళ్ళీ సమం చేసి పాతదానికి వెళ్ళండి. మొదటి అయిదు నిమిషాలు పాతది మొద్దుగా అనిపించడం సహజం, ఆ అయిదు నిమిషాలను లెక్కలోకి తీసుకోవద్దు. ఇరవై నిమిషాల తర్వాత, అదే తంబూరా, అదే మృదంగం, అదే గొంతు వింటూ ఏది లోపించిందో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం మీద ‘ట్రెబుల్ తక్కువ’ అన్నది కాకుండా ఇంకేదైనా రాయగలిగితే కొత్తదాన్ని ఉంచుకోండి.